ఇద్దరు వియ్యపురాళ్లకు ఒకే గది

తాయ్‌యువాన్ రైల్వే స్టేషన్ నుంచి పడమటి ఉక్కు కార్ఖానా దాకా నడిచే సిటీ బస్సులో రూయ్‌లాన్ ఇరవై ఏడేళ్లు కండక్టరుగా పనిచేసింది. ఒకటే దారి. పోవడం, రావడం. అన్నేళ్లలో ఆమె ఊరు దాటింది మూడేసార్లు, రెండు చావులకీ ఒక పెళ్లికీ. మెడలో తోలుసంచి, చేతిలో టికెట్ల పలక. మనిషి పొట్టిదే గానీ గొంతు మాత్రం కంచు. "లోపలికి జరగండి, లోపల బోలెడంత చోటుంది" అని వెనక తలుపు దగ్గర ఆమె అరిస్తే ముందు డ్రైవరు పక్కన నిలబడ్డవాడు కూడా తెలియకుండానే ఒక అడుగు వేసేవాడు. భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయేనాటికి ఆమెకు ముప్పై ఎనిమిది, కొడుకు వేమిన్‌కి పదకొండు. మళ్లీ పెళ్లి చేసుకోమని ఎవరో అంటే, "బస్సునిండా మగవాళ్లే, దిగేదాకా భరిస్తే చాలు, ఇంటికి కూడానా" అనేసింది.

వేమిన్ బాగా చదివి బీజింగ్‌లో ఉద్యోగంలో చేరాడు. అక్కడే వెన్‌చీ అనే అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. వెన్‌చీది దక్షిణాదిన సూజౌ. తల్లి పేఫాంగ్ అక్కడ హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైంది. భర్తతో ఎప్పుడో తెగతెంపులైపోయాయి. నలగని బట్ట, చెదరని జుట్టు, మెల్లగా ఒత్తి పలికే మాట.

ఇద్దరు వియ్యపురాళ్లూ మొదటిసారి ఎదురుపడ్డది పెళ్లి విందులో.

"మీరేం చేసేవారు వదినగారూ?" అని అడిగింది పేఫాంగ్.

"బస్సులో టికెట్లు కొట్టేదాన్నండి."

"అయితే రోజంతా ప్రయాణాలే అన్నమాట."

బల్ల చుట్టూ కూర్చున్న సూజౌ చుట్టాలు నవ్వారు. రూయ్‌లాన్ కూడా నవ్వింది. నాలుగు రోజుల తర్వాత తన వంటగదిలో నూడుల్స్‌కి పిండి పిసుకుతుంటే ఆ మాట మళ్లీ చెవిలో పడింది. అప్పుడు మండింది ఒళ్లు. పిండిని ఎంత గట్టిగా కుమ్మిందంటే ఆ పూట నూడుల్స్ దవడలు నొప్పెట్టేంత గట్టిగా వచ్చాయి.

మనవరాలు దోదోకి రెండేళ్లు నిండాక వేమిన్ ఒక ఆలోచన చేశాడు. ఏటా అక్టోబరు సెలవుల వారంలో అందరూ కలిసి ఏదైనా పాత ఊరో, కోటో చూసిరావాలి. పిల్లకు చరిత్ర తెలుస్తుంది, ఇద్దరమ్మలకీ ఒంటరితనం పోతుంది. ఆలోచన మంచిదే. చిక్కల్లా గదుల దగ్గర వచ్చింది. హోటల్లో మొగుడూ పెళ్లాం పిల్లా ఒక గదిలో. వియ్యపురాళ్లిద్దరూ రెండో గదిలో.

"ఈడూ జోడూ సరిపోయారు, కబుర్లు చెప్పుకోవచ్చు," అన్నాడు వేమిన్.

ఆరేళ్లు ఆ గదిలో కబుర్లు ఇలా నడిచాయి. రూయ్‌లాన్ కిటికీ తెరిచేది, పేఫాంగ్ మూసేది. రూయ్‌లాన్ తెల్లవారి ఐదింటికి లేచి చేతులూ తొడలూ అరచేత్తో చరుచుకుంటూ కసరత్తు చేసేది. పేఫాంగ్ దుప్పటి ముసుగులోంచే, "ఎవర్నైనా కొడుతున్నారా వదినగారూ?" అనేది. "ఇంకా లేదండి," అనేది రూయ్‌లాన్. అన్నిటికన్నా ఆమెకు కడుపు రగిలేది పడక విషయంలో. పేఫాంగ్ ఎక్కడికెళ్లినా ఇంటినుంచి తన దుప్పటి, తన దిండుగలీబు, తన కప్పు తెచ్చుకునేది. గదిలోకి రాగానే మంచంమీద తన దుప్పటి పరిచేది. తర్వాత రెండు మంచాల మధ్యనున్న చిన్న బల్లను తన వైపునుంచి ఒక జానెడు అవతలికి నెట్టేది. హోటల్ దుప్పటి మురికని చేస్తోందో, పక్క మంచంమీది మనిషి మురికని చేస్తోందో అడగడానికి రూయ్‌లాన్‌కు నోరు రాలేదు. అడక్కపోవడంతో అది లోపలే పులిసింది.

మొదటి ఏడు వెళ్లింది పింగ్యావ్. తాయ్‌యువాన్‌కి దగ్గరే, అంటే రూయ్‌లాన్ ఇలాకా. తనే అందరికీ చూపించాలనుకుంది. ఊరి చుట్టూ కోటగోడ మీద నడుస్తూ, ఆ ఇటుకల్ని అరచేత్తో తడిమి, "ఇన్ని ఇటుకలు కాల్చినవాళ్లు ఎవరో? ఎక్కడ పడుకునేవాళ్లో?" అంది.

"పరీక్షలో ఆ ప్రశ్న రాదు వదినగారూ," అంది పేఫాంగ్. అని, గైడు చెబుతున్న తారీకు తప్పని దిద్దింది. ఆ గైడు కుర్రది పాపం ముఖం మాడ్చుకుని మళ్లీ మాట్లాడలేదు. ఆ తర్వాత కోట కథంతా పేఫాంగే చెప్పింది.

మధ్యాహ్నం భోజనంలో రూయ్‌లాన్ చేతిసంచిలోంచి తన వెనిగర్ సీసా తీసింది.

"అదిక్కడ బల్లమీద ఉందిగా," అంది పేఫాంగ్.

"ఇది మూడేళ్లు మాగింది. ఇది లేకపోతే మాకు ముద్ద దిగదు."

"ఈ వైపు మనుషుల మాటలు పుల్లగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది."

మరుసటేడు సూజౌ. అది పేఫాంగ్ ఇలాకా. ఒక పాత తోటలో చెరువు పక్కన చిల్లులుపడ్డ ఒక పెద్ద రాయి ముందు నిలబెట్టి పావుగంట చెప్పింది, ఎవరు తెప్పించారో, ఎందుకు అంత గొప్పదో. రూయ్‌లాన్ చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది.

"ఇది మా ఊళ్లో అయితే రోడ్డు పనోళ్లు ఏనాడో పగలగొట్టి కంకరేసేవాళ్లు," అంది.

వెన్‌చీకి నవ్వొచ్చింది. తల్లి చూసిన చూపుకి ఆ నవ్వు దగ్గుగా మారిపోయింది. ఆ వారమంతా సూజౌ వంటలు. మాంసంలోనూ పంచదారే, చేపలోనూ పంచదారే. మూడో రోజు రూయ్‌లాన్ చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, "పిల్లకి నులిపురుగులు పడతాయి," అని కొడుకుతో చెప్పింది, అవతలి మనిషికి వినబడేటట్టే.

ఇంకో ఏడు షీయాన్‌లో, ఒక చక్రవర్తి సమాధికి కాపలాగా గోతుల్లో నిలబెట్టిన మట్టి సైనికుల బొమ్మల్ని చూడబోయారు. సెలవుల వారం, గోతుల చుట్టూ జనం ఒకరి వీపుకి ఒకరు అతుక్కుపోయి ఉన్నారు. దోదో తల్లి చంకలో ఊపిరాడక ఏడుస్తోంది. పేఫాంగ్ ఎవరి మోచేతుల మధ్యో ఇరుక్కుని తెల్లబోయి నిలబడింది. రూయ్‌లాన్ ఇంక ఆగలేకపోయింది. "దారివ్వండి, పసిపిల్ల ఉంది, పెద్దావిడ ఉంది, లోపలికి జరగండి" అని అరిచింది. రిటైరై పదేళ్లయినా గొంతు తుప్పు పట్టలేదు. జనం రెండు పాయలుగా విడిపోయారు. మనవరాల్ని ఎత్తుకుని, వియ్యపురాలి చెయ్యి పట్టి కమ్మీ దాకా ఈడ్చుకెళ్లింది.

బయటికొచ్చాక పేఫాంగ్ నలిగిన చేతిని దులుపుకుంటూ, "పెద్దావిడ ఎవరు? మీకన్నా నేను ఏడాది చిన్న," అంది. "నలుగురిలో తలెత్తుకోలేకపోయాను," అని కూడా అంది.

అమ్మ అరిచినప్పుడు వేమిన్ గోతిలోని సైనికుల వైపే చూస్తూ నిలబడ్డాడు. రూయ్‌లాన్ అది గమనించింది.

ఆ ప్రయాణాల్లో ఆమెకు దానంతటదే ఒక పని స్థిరపడిపోయింది. రైల్లో సీట్లు పట్టడం. భోజనాల దగ్గర బల్ల పట్టడం. అందరూ ఫొటో దిగుతుంటే సంచులు పట్టుకుని నిలబడడం. వెన్‌చీ ప్రతి ఏడూ ఫొటోలు పుస్తకంలా అచ్చు వేయించి ఇద్దరమ్మలకీ పంపేది. ఆరు పుస్తకాల్లోనూ రూయ్‌లాన్ పదకొండుచోట్ల కనిపిస్తుంది. వాటిలో మూడింట ఆమె భుజం మాత్రమే ఉంది.

అయినా ఏటా వెళ్లేది. సెప్టెంబరు రాగానే కొత్త బూట్లు కొనుక్కునేది. ఇరుగుపొరుగుకి చెప్పేది. "కొడుకు వదలడమ్మా, రావాల్సిందేనంటాడు" అనేది.

ఏడో ఏడు జపాన్. దోదోకి ఎనిమిదేళ్లు. విమానం ఎక్కడం రూయ్‌లాన్‌కి అదే మొదలు. వెనిగర్ సీసాని విమానాశ్రయంలో తీసేసుకున్నారు. "అది మందండీ" అని ఆమె వాదిస్తుంటే వెనక వరసలో పేఫాంగ్, "ఆవిడెవరో మాకు తెలియదు" అన్నట్టు కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడింది.

క్యోటోలో దిగినప్పటినుంచి పేఫాంగ్ కాళ్లు నేలమీద ఆనలేదు. మన పాత రాజధానుల కట్టడాల పద్ధతంతా ఇక్కడే మిగిలిందట. బోర్డులన్నీ మన అక్షరాలేనట. ప్రతి బోర్డూ పైకి చదివింది, ప్రతి గుడికీ ఒక రాజవంశం పేరు చెప్పింది.

"దోదో, నీకు తెలుసా, అమ్మమ్మకి ఇక్కడ దుబాసీ అక్కర్లేదు," అంది.

రెండో రోజు మధ్యాహ్నం గుళ్లు చూశాక కొడుకూ కోడలూ మందులూ ముఖానికి రాసుకునే క్రీములూ కొనాలని బజారుకెళ్లారు. పిల్లను ముసలాళ్లిద్దరికీ అప్పజెప్పి, సాయంత్రానికి హోటల్‌కి చేరమన్నారు. నాలుగ్గంటలకి దోదో ఆకలన్నది. సందులోంచి నడుస్తుంటే ఒక ఇంటి గుమ్మానికి నీలం గుడ్డ వేలాడుతోంది. దానిమీద తెల్లగా ఒకే ఒక్క అక్షరం. తాయ్‌యువాన్‌లో ఆ అక్షరం కనిపిస్తే సూప్ అనే అర్థం.

"సూప్ దుకాణం. పాతకాలపుది, చూడండి ఎంత శుభ్రంగా ఉందో," అంది పేఫాంగ్.

"వాసనేమీ రావట్లేదే," అంది రూయ్‌లాన్.

"మీకు పులుపు తప్ప ఏ వాసనా తెలియదు."

గుడ్డ పైకెత్తుకుని పేఫాంగ్ ముందు నడిచింది. లోపల ఎత్తైన బల్ల వెనక ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేఫాంగ్ మూడు వేళ్లు చూపించి, చేతిని గిన్నెలా పట్టి నోటిదగ్గర పెట్టుకుని, మూడు సూపులని సైగ చేసింది. ముసలమ్మ అర్థమైనట్టు తలూపి మూడు తువ్వాళ్లూ ఒక చిన్న సబ్బూ తీసి ముందు పెట్టింది. పక్కనున్న తలుపు జరిగి, ఒంటిమీద నూలుపోగు లేని ఒక లావుపాటి ఆవిడ తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. అది వీధి వాళ్లు స్నానాలు చేసే చోటు. ఆ దేశంలో ఆ అక్షరానికి వేడినీళ్లని అర్థం.

దోదో నవ్వుతూ నేలమీద కూలబడింది. రూయ్‌లాన్ గోడకి ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ, ఊపిరి తీసుకుని మళ్లీ నవ్వింది. పేఫాంగ్ తువ్వాళ్లు వెనక్కి నెట్టి, ముసలమ్మకి వంగి దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది.

"మన పాతభాషలోనూ దానికి వేడినీళ్లనే అర్థం. నాకు తెలుసు," అంది వీధిలోకొచ్చాక.

"తెలిసే వెళ్లారా? చెబితే నేనూ బట్టలు తెచ్చుకునేదాన్ని."

అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. ఏడేళ్లలో చేతికి దొరికిన మొదటి పిలక అది, రూయ్‌లాన్ వదల్లేదు. రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. ముసలమ్మలా తలూపి చూపించింది, లావుపాటి ఆవిడ నడక నడిచి చూపించింది. వేమిన్ పొట్ట పట్టుకున్నాడు. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. సూప్ వచ్చినప్పుడు మళ్లీ చెప్పింది. "తువ్వాలు వేసుకుని తాగండి వదినగారూ," అంది. పేఫాంగ్ గిన్నె ముట్టుకోలేదు.

తెల్లవారి పక్క ఊరు నారా వెళ్లాలని సంచులు సర్దుకుంటున్నారు. పేఫాంగ్ అద్దం ముందు కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. రూయ్‌లాన్ బూట్లకి ముడివేస్తూ, "ఇవాళ టిఫినుకి ఏ గుమ్మంలోకి తీసుకెళతారు?" అంది.

పేఫాంగ్ వెనక్కి తిరగలేదు. దువ్వెన ఆగలేదు.

"మీ అబ్బాయికి మిమ్మల్ని తీసుకురావడం ఇష్టం లేదు. మీకు తెలుసా?" అంది, పాఠం చెప్పే గొంతుతో. "ఈ ఏడే కాదు. షీయాన్ నుంచీ. అమ్మ నలుగురిలో అరుస్తుంది, నాకు సిగ్గుగా ఉంటుంది, ఈసారి వద్దులే అన్నాడు. నా ఎదురుగానే. నేనే నచ్చజెప్పాను, పెద్దావిడ బాధపడుతుంది, తీసుకురమ్మని. ఇన్నేళ్లూ మీరు వచ్చింది నా మాట మీద."

రూయ్‌లాన్ ముడివేసిన తాడు మళ్లీ విప్పి, మళ్లీ వేసింది. లేచి కిందికెళ్లింది.

టిఫిన్ల హాల్లో వేమిన్ గంజి తాగుతున్నాడు. వెన్‌చీ పిల్లకి గుడ్డు ఒలుస్తోంది. రూయ్‌లాన్ కూర్చోలేదు.

"నన్ను తీసుకురావద్దన్నావా?"

అతను తలెత్తి, ఆమె వెనకాలే వచ్చిన అత్తగారి ముఖం చూశాడు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది.

"ఎప్పుడో అన్నాలే అమ్మా. అలసిపోయి ఏదో అంటాం."

"అన్నావా లేదా?"

"నెమ్మదిగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

అదే సమాధానమైంది. తల్లికి అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె భుజానికున్న రెండు సంచులు, ఒకటి పిల్లది, ఒకటి కోడలిది, కుర్చీలో పెట్టింది. బల్లమీదున్న హోటల్ చీటీ ఒకటి జేబులో వేసుకుని బయటికి నడిచింది. దోదో "నాయనమ్మా" అని పిలిచింది. ఆమె చెయ్యి ఊపింది గానీ తిరగలేదు.

వీధిలో ఎటెళ్లాలో ఆమెకు తెలియదు. ఎదురుగా బస్సు ఆగింది. ఎక్కింది.

ఆ రోజంతా ఆమె బస్సుల్లోనే తిరిగింది. ఆ ఊళ్లో వెనక తలుపులోంచి ఎక్కి ముందు తలుపులోంచి దిగుతారు. అది రెండో స్టాపులోనే పట్టేసింది. కండక్టరు లేడు. డ్రైవరు మైకులో ఏదో గొణుగుతున్నాడు. మలుపు తిరిగేముందు ఒకసారి, ఆగేముందు ఒకసారి, కదిలేముందు ఒకసారి. నిద్రపోయే పిల్లతో మాట్లాడినట్టు అంత మెత్తగా. ఎక్కినవాళ్లు చెప్పకుండానే లోపలికి జరుగుతున్నారు. ఒక్కరూ అరవలేదు. ఈ ఊళ్లో పుట్టి ఉంటే నాకు ఉద్యోగమే దొరికేది కాదు అనుకుంది. ఆ డ్రైవరు మీద ఎందుకో పట్టరాని కోపం వచ్చింది. నిండు చలికాలంలో, ఉక్కు కార్ఖానా షిఫ్టు వదిలాక, నూట యాభైమంది నూనె బట్టలతో ఒక్క బస్సులోకి ఎగబడితే అప్పుడు గొణుగు చూద్దాం, అని మనసులో వాడితో తగువు పెట్టుకుంది.

చివరి స్టాపులో అందరూ దిగారు. డ్రైవరు వెనక్కి వచ్చి చేతులతో అయిపోయిందని చెప్పాడు. ఆమె దిగి బెంచీమీద కూర్చుంది. అతను పక్కనే యంత్రంలో టీ సీసా కొనుక్కుని తాగాడు. ఆమె చేతిలో ఏమీ లేకపోవడం చూసి ఇంకోటి తెచ్చి ఇచ్చాడు. మాటల్లేవు. ఆమె తన గుండెలమీద వేలు పెట్టి చూపించి, టికెట్టు చింపి ఇచ్చే సైగ చేసింది. అతనికి అర్థమైందో లేదో, టోపీ తీసి తల వంచాడు. తిరుగు బస్సులో అతని వెనక సీట్లోనే కూర్చుంది. తర్వాత ఇంకో బస్సు, ఇంకో చివరి స్టాపు. ఏడ్చిందా అంటే ఏడవలేదు. మధ్యాహ్నం రొట్టె కొనుక్కుని తింది. ఎండ దిగుతుండగా హోటల్ చీటీ చూపించి సరైన బస్సెక్కింది.

హోటల్ ముందు గదిలో నలుగురూ ఉన్నారు. నారా వెళ్లలేదు. వెన్‌చీ ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉంది. వేమిన్ చెమటలు కక్కుతున్నాడు.

"ఎక్కడికి పోయావమ్మా? పోలీసులకి చెప్పాం. భాష తెలియని దేశంలో ఏమైపోయేదానివి?"

"ఊరు చూశాను. దానికేగా వచ్చింది."

"నాటకం," అంది సోఫాలోంచి పేఫాంగ్. "ఒక రోజంతా అందరికీ మంట పెట్టారు."

"అమ్మా, నువ్వు నోరు మూసుకో," అంది వెన్‌చీ. పెళ్లయ్యాక ఆ పిల్ల తల్లినలా అనడం అదే మొదటిసారి.

రూయ్‌లాన్ కొడుకు ముందు నిలబడింది. ఈసారి గొంతు తగ్గించలేదు. కౌంటరులో ఉన్న కుర్రాళ్లు వంచిన తలలెత్తారు.

"తొమ్మిదో క్లాసు నుంచీ నువ్వు బడికి ఒక స్టాపు ముందే దిగేసేవాడివి. నీ స్నేహితులకి నన్ను చూపించాల్సొస్తుందని. నాకు తెలియదనుకున్నావు. ఆ స్టాపులో ఎక్కేవాళ్లుండేవారు కాదు, దిగేవాళ్లుండేవారు కాదు. అక్కడ బస్సాపమని రోజూ డ్రైవరుకి గంట కొట్టింది నేను. రెండేళ్లు కొట్టాను. నీకు సిగ్గైతే ఆనాడే చెప్పాల్సింది, ఇంకా ముందే ఆపించేదాన్ని."

వేమిన్ కౌంటరు కుర్రాళ్ల వైపు చూశాడు.

ఆమె వియ్యపురాలి వైపు తిరిగింది. "వాడు వద్దన్నాడు సరే. మీరెందుకు రమ్మన్నారు?"

పేఫాంగ్ అబద్ధమాడొచ్చు. జాలితో అనొచ్చు, మర్యాదకి అనొచ్చు. ఆమె కూడా ఆ పూట అలసిపోయి ఉంది.

"మీరు లేకపోతే సీట్లెవరు పడతారు? సంచులెవరు మోస్తారు?" అంది.

రూయ్‌లాన్ తల పంకించింది. ఆ మాట ఆమెకు కొడుకు మాటకన్నా తక్కువే నొప్పి కలిగించింది. కనీసం అది ముఖంమీద అన్నది.

మిగిలిన రెండు రోజులూ ఆమె తన సంచి తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఎవరి ఫొటోలోనూ లేదు, ఎవరి ఫొటో తీయలేదు. గదిలో కిటికీ తెరిచి పెట్టింది. పేఫాంగ్ మూయలేదు. మెడకు శాలువా చుట్టుకుని పడుకుంది.

ఆ శీతాకాలమంతా వేమిన్ ఆదివారాలు ఫోను చేసేవాడు. "తిన్నావా అమ్మా?" "తిన్నాను." "చలిగా ఉందా?" "ఉంది." కొత్త సంవత్సరానికి వచ్చి మూడు రోజులున్నాడు. రెండో రోజు గిన్నెలు కడుగుతూ, వీపు తిప్పి, "ఆ గంట సంగతి నాకు తెలియదమ్మా," అన్నాడు. "తెలిస్తే ఏం చేసేవాడివి?" అంది ఆమె. అతను చాలాసేపు ఒకే గిన్నె కడిగాడు. "ఏమో. అప్పుడైతే ఇంకో స్టాపు ముందు దిగేవాణ్ణేమో," అన్నాడు. ఆమె గిన్నె లాక్కుని తుడిచి పెట్టింది. నిజం చెప్పినందుకు క్షమించాలో, నిజమైనందుకు తిట్టాలో తేల్చుకోలేకపోయింది.

వసంతంలో ఆమె, తనతో పనిచేసిన నలుగురు కండక్టర్లు కలిసి గుహల్లో రాతి బుద్ధుల్ని చూడడానికి దాతొంగ్ వెళ్లారు. ఐదుగురివీ కంచు గొంతులే. రైలు పెట్టెలో మిగతావాళ్లు వేరే పెట్టెలోకి మారిపోయారు. గుహ ముందు నిలబడి, "ఇవి చెక్కినవాళ్లకి కూలి ఎంత ఇచ్చారో," అని రూయ్‌లాన్ అంటే, వాళ్లలో పెద్దదైన దువాన్ అక్క, "ఇచ్చి ఉంటారంటావా?" అంది. దాని మీద ఐదుగురూ భోజనమయ్యేదాకా వాదించుకున్నారు.

జూలైలో దోదోకి బడి సెలవులిచ్చారు. బీజింగ్‌లో చూసుకునేవాళ్లు లేక పిల్లను పది రోజులు తాయ్‌యువాన్ పంపుతామన్నారు. తీసుకొచ్చింది పేఫాంగ్. వెన్‌చీకి సెలవు దొరకలేదట.

"పిల్లను దింపి రేపటి రైలుకి పోతాను," అంది గుమ్మంలోనే.

"రేపటిదాకా ఎందుకు, సాయంత్రం కూడా ఒకటుంది," అంది రూయ్‌లాన్. అయినా ముందుగదిలో మడతమంచం వేసింది. పేఫాంగ్ సంచిలోంచి తన దుప్పటి తీసి పరుచుకుంది.

తెల్లవారి దోదో, ఊరి చివరనున్న పాత జిన్‌సీ గుడికి తీసుకెళ్లమని నాయనమ్మను అడిగింది. బడిలో దాని గురించి వ్యాసం రాయాలట. సిటీ బస్సులో గంటన్నర. రైలు రాత్రికి గనక పేఫాంగ్ కూడా బయల్దేరింది. "పిల్ల వ్యాసంలో తప్పులు రాయకూడదని," అంది. బస్సులో ఒక్కటే సీటు ఖాళీ ఉంది. రూయ్‌లాన్ దాన్ని పట్టి మనవరాల్ని కూర్చోబెట్టింది. పేఫాంగ్ గంటన్నరా కమ్మీ పట్టుకుని నిలబడింది.

గుళ్లో అమ్మవారి చుట్టూ రంగులేసిన మట్టి దాసీల బొమ్మలున్నాయి. "ఇవి వేల ఏళ్ల నాటివంటారే," అంది రూయ్‌లాన్. "వెయ్యేళ్లే. వేలు కాదు. సుంగ్ వంశం కాలం," అని దిద్దింది పేఫాంగ్. దోదో రాసుకుంది. రూయ్‌లాన్‌కి కాలంతో పని లేకపోయింది. ఆమె ఒక్కో బొమ్మ ముఖం చూస్తూ నడిచింది. ఒకతె చేతిలో గుడ్డ పట్టుకుంది. ఒకతె ముందు నవ్వుతున్నట్టుంది, పక్కకెళ్లి చూస్తే ఏడుస్తున్నట్టుంది.

"పెద్దావిడ పిలిస్తే నవ్వాలి, అటు తిరిగి ఏడవాలి. వీళ్లది నౌకరీ," అంది మనవరాలితో.

"అది రాయొచ్చా నాయనమ్మా?"

"రాయి."

"ఆధారం లేనిది రాయకూడదు," అంది పేఫాంగ్.

"ముఖం కనబడట్లేదా? ఇంకేం ఆధారం కావాలి మీకు?"

దోదో ఇద్దర్నీ చూసి, కాసేపు పెన్సిలు కొరికి, రాసేసింది. ఏ మాట రాసిందో ఇద్దరికీ చూపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ మాడిపోతోంది. గుడినుంచి బస్సు స్టాపు దాకా చాలా దూరం నడవాలి. రూయ్‌లాన్ పిల్ల చెయ్యి పట్టుకుని తన అలవాటు నడకన పోతోంది. పేఫాంగ్ మోకాలు పట్టేసి చెట్టు నీడన ఆగింది.

"నాయనమ్మా, అమ్మమ్మ వెనకబడిపోయింది."

"పడనీ. అంత చరిత్ర తెలిసినావిడకి బస్సు స్టాపు తెలియదా?"

స్టాపులో బెంచీమీద కూర్చుని ఇద్దరూ ఐసు పుల్లలు తిన్నారు. ఒక బస్సు సగం ఖాళీగా వచ్చింది. రూయ్‌లాన్ లేవలేదు. డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు, ఆమె పొమ్మని చెయ్యి ఊపింది. పావుగంట తర్వాత పేఫాంగ్ కుంటుకుంటూ వచ్చి బెంచీ అవతలి చివర కూర్చుంది. ఇద్దరి మధ్య దోదో.

"నాకోసం ఆగక్కర్లేదు," అంది ముఖం తుడుచుకుంటూ.

"మీకోసం ఎవరాగారు? ఆ బస్సులో సీట్లు లేవు," అంది రూయ్‌లాన్.